శుభ్రతలో ఉన్న యంత్రం

ఎనభై అక్షరాల వెడల్పు, పాతిక పంక్తుల ఎత్తు. ఆమె ఏలుబడిలో ఉన్న సామ్రాజ్యానికి సరిహద్దులు ఇవే. ఆ పెద్దాసుపత్రి పెరటివైపు, దుప్పట్లు ఉతికే గదికీ ఆక్సిజన్ సిలిండర్ల షెడ్డుకీ నడుమ ఇరికించి కట్టిన మేడ మీద, ఏ వేళకైనా సబ్బువాసన వేసే ఒక గదిలో కూర్చుని, ఆసుపత్రిలోని సమస్త యంత్రాలూ నల్లటి తెర మీద జనానికి ఏ రూపంలో దర్శనమివ్వాలో నిర్ణయించే సర్వాధికారం ఆమెకు దఖలు పడింది. జనమంటే మహాజనం కాదు. కింది అంతస్తు వర్క్‌షాపులో యంత్రాలు బాగుచేసే మెకానిక్కులు, వాటిని వార్డు నుంచి వార్డుకు తోసుకుపోయే ట్రాలీవాళ్ళు, ఎప్పుడూ ఏదో ఒకటి కనబడక వెతుక్కుంటూ ఉండే నర్సులు. వాళ్ళకు బొమ్మలూ మీటలూ మెరిసే హంగుల తెరలు అక్కర్లేదు. గోడకు బిగించిన కీబోర్డు మీద ఒంటివేలితో ‘చూపు’ అని కొట్టి, పక్కన యంత్రం నంబరు వేస్తారు. తెర జవాబు చెప్పాలి. ఏం చెప్పాలి, ఎంత చెప్పాలి, ఏది ముందు చెప్పాలి అన్నదే ఆమె ఉద్యోగం.

ఆమెకు ముందు ఆ పీఠాన్ని అలంకరించిన మహానుభావుడు ఉదారుడు. తన దగ్గరున్నది దాచుకోవడం ఆయన వంశంలో లేదు. ‘చూపు’ అని నంబరు కొట్టడం ఆలస్యం, యంత్రాన్ని తయారుచేసిన కంపెనీ చిరునామా మొదలు దాని బరువు, రంగు, ప్లగ్గుకున్న కాళ్ళ సంఖ్య, వారంటీ షరతులు, కొనుగోలుకు అనుమతించిన కమిటీ అధ్యక్షుడి హోదా వరకు తెర నిండా కుమ్మరించేవాడు. యంత్రం ఎక్కడుందన్న ముక్క ఎక్కడో అడుగున వచ్చేది, అదీ పైనున్నవన్నీ తెర దాటి ఎగిరిపోయాక. అడిగింది ఆచూకీ, దొరికింది వంశచరిత్ర. మెకానిక్కులు తెరను వదిలేసి, మెట్ల దగ్గర నిలబడి పై అంతస్తుకు కేకలు వేయడం అలవాటు చేసుకున్నారు.

ఆమె వచ్చి ఆ వైభవాన్నంతటినీ ఒక్క వరుసకు కుదించింది. నంబరు, రకం, ఉన్న చోటు, స్థితి. మిగతాది కావలసినవాడు ‘పూర్తిగా’ అని ఇంకో మాట కొట్టుకుంటాడు. ఎవడూ కొట్టలేదు. రకం పేరు పదిహేను అక్షరాలు దాటితే మూడు చుక్కలు పెట్టి కోసేసింది. యంత్రానికి స్థితులు నాలుగే అని శాసించింది: వాడుకలో, శుభ్రతలో, మరమ్మతులో, ఖాళీ. వర్క్‌షాపువాళ్ళు ఆమెకు పొదుపమ్మ అని పేరు పెట్టారు. ఆ పేరు తన చెవిన పడిన రోజు ఆమె దాన్ని కొలిచి చూసుకుంది. నాలుగక్షరాలు. కోయాల్సిన అవసరం లేదు.

ఇలాంటి పనుల్లో నమూనాకు ఎవరైనా ఒకటో నంబరునో వందో నంబరునో తీసుకుంటారు. ఆమె కొంతకాలంగా ప్రతి మార్పునూ నాలుగువందల పన్నెండు మీదే సరిచూస్తోంది. అది ఒక వెంటిలేటరు. ఎదుటి భవనం మూడో అంతస్తులో, కిటికీ పక్కన మంచం దగ్గర ఉంటుంది. ఆ మంచం మీద ఆమె అన్నయ్య ఉన్నాడు.

బడిలో లెక్కలు చెప్పే అన్నయ్య, నల్లబల్ల దగ్గర నిలబడ్డవాడు నిలబడ్డట్టే కూలిపోయాడట. తీసుకొచ్చిన రోజు ఆమె పైకి వెళ్ళింది. డాక్టరు చాలాసేపు మాట్లాడాడు, చేత్తో తన తల మీదే గీతలు గీసి చూపించాడు. ఒక్క ముక్క బుర్రకెక్కలేదు. యంత్రం పక్కన అంటించిన స్టిక్కరు మీది నంబరు మాత్రం ఎక్కింది. ఆ తర్వాత ఆమె ఆ మెట్లెక్కలేదు. కఠినురాలు కాదు. ఏడుపు దిగమింగుకుంటోందని అనుకుందామా అంటే, మింగడానికి ఏమీ రాలేదు. చెయ్యి తలకింద పెట్టుకుని పడుకుంటే, లేచేసరికి ఆ చెయ్యి మనదేనని కంటికి తెలుస్తుంది గాని ఒంటికి తెలియదే, ఆమెకు నిలువెల్లా అలా ఉంది. రోజూ పొద్దున్న కుర్చీలో కూర్చోగానే ‘చూపు 412’ అని కొట్టేది. వెంటిలేటరు, మూడు కిటికీ, వాడుకలో. ఆ వరుస చదివి, అన్నయ్యను పలకరించి వచ్చినట్టు భావించి, పనిలో పడేది.

అన్నయ్య దగ్గర ఉన్నది వదిన. వదిన దర్జీ. కత్తెరకెంత పదునుందో నాలుకకూ అంతే. ఆడపడుచుతో వరస కలుపుకుని దెప్పడం ఆమెకు పెళ్ళినాటి నుంచి వచ్చిన హక్కు, దాన్ని ఆసుపత్రి బల్ల మీద కూర్చుని కూడా వదులుకోలేదు. మధ్యాహ్నం ఫోను చేసేది.

"ఆడపడుచుగారి దర్శనానికి టోకెన్లు ఎక్కడిస్తారండీ?"

"పనుంది వదినా."

"మా చెడ్డ పని. ఒక మేడ దిగి ఇంకో మేడ ఎక్కడానికి నీకు వీసా కావాలి గాబోలు."

ఆ తర్వాత సంగతులు చెప్పేది. జ్వరం లేదని, ఒళ్ళు తుడిచామని, పక్క మంచం ముసలాయన ఇంటికి వెళ్ళిపోయాడని, వెళుతూ తనకు ఒక నారింజపండు ఇచ్చాడని. ఆమె వింటూ ఊకొట్టేది. ఒకరోజు వదిన దెప్పకుండానే మొదలుపెట్టింది. ఆ ఊపిరి మొత్తం మిషనుదేనంటున్నారని, ఆయనది అందులో ఏమీ లేదంటున్నారని చెప్పింది. బట్ట కొలతలు చెప్పినట్టు చెప్పింది.

"ఇవాళో రేపో అడుగుతారు. తీసెయ్యమంటారా అని. ఊ అనాల్సింది మనిద్దరమే. నేనొక్కదాన్నే అనలేనమ్మాయ్. నువ్వు పక్కనుంటే అంటాను."

"ఉంటాను వదినా."

"ఎప్పుడొస్తావు?"

"ఈ వరుస పని అయిపోగానే."

వదిన ఫోను పెట్టేసింది. కుట్టుమిషను లేని చోట ఆమె చేతులు ఏం చేస్తుంటాయోనని పొదుపమ్మకు ఒక ఆలోచన వచ్చింది గాని, అది ఎటూ వెళ్ళకుండా అక్కడే ఆగిపోయింది.

వరుస పని అంత తేలిగ్గా తెమిలేది కాదు. దాని మీద ఆ నెలలో జరిగిన చర్చోపచర్చలను గ్రంథస్థం చేస్తే ఒక శాస్త్రమవుతుంది. యంత్రం ఏ గదిలో ఉందో తెలియనప్పుడు ఆ చోటును ఖాళీగా వదలాలా, చిన్న గీత పెట్టాలా అన్న సమస్య మీద విద్వాంసులు రెండు వర్గాలుగా చీలిపోయారు. ఖాళీగా వదిలితే తెర చెడిపోయిందనుకుంటారని గీతవాదులు, గీత పెడితే గీత అనే గది ఒకటుందనుకుని వెతుకుతారని ఖాళీవాదులు. వర్క్‌షాపు మేస్త్రీ ఖాళీవాదులకు నాయకుడు. ఆయన పొట్టి, పొట్ట ఉన్నవాడు, ఎవరైనా తన అభిప్రాయం అడిగితే ముందు కళ్ళజోడు తీసి తుడుచుకునే అలవాటున్నవాడు. యంత్రాన్ని చివరిసారి ఎవడు తోశాడో కూడా వరుసలో పడాలని ఆయన కోరిక, తిట్టడానికి వీలుగా ఉంటుందని. పొదుపమ్మ ఒప్పుకోలేదు. దానికి బదులు, యంత్రం ఆ స్థితిలో ఎంతసేపటి నుంచి ఉందో చివర వేద్దామంది. గడియారపు అంకెలు కాకుండా, ‘ఇప్పుడే’, ‘కాసేపటి నుంచి’, ‘గంట దాటింది’, ‘పూట గడిచింది’ అని మనుషులు మాట్లాడుకునే మాటల్లోనే వేద్దామంది. ఇది తన కళలో తాను సాధించిన సూక్ష్మమని లోలోపల ఆమె అభిప్రాయం.

మేస్త్రీ కళ్ళజోడు తుడిచాడు. మళ్ళీ తుడిచాడు.

"అదొద్దమ్మా. వరుస బోసిగా ఉంటేనే అందంగా ఉంటుంది" అన్నాడు.

అందం గురించి ఆయన మాట్లాడటం ఆ భవనంలో అదే ప్రథమం. ఎందుకని అడిగితే నీళ్ళు నమిలాడు. ఆమె చివరి మాట చేర్చేసింది.

చేర్చిన వారంలోనే ఆ మాట తన ప్రతాపం చూపించింది. కొన్ని వెంటిలేటర్ల పక్కన ‘శుభ్రతలో, పూట గడిచింది’ అని పడసాగింది. తెర కాగితం మీద అచ్చయి సూపరింటెండెంటు బల్ల మీదికి వెళ్ళింది. ఆయన పొడగరి, తెల్లకోటు వేసుకోని డాక్టరు, వైద్యం మానేసి పరిపాలనలోకి వచ్చిన నాటి నుంచి మనుషులకన్నా వరుసలే ముచ్చటగా ఉంటాయని కనిపెట్టినవాడు. ఆమెను పిలిపించాడు. వెంటిలేటరు కడగడానికి గంట చాలని కంపెనీవాళ్ళ పుస్తకంలో ఉందని, మనవాళ్ళు ఏనుగును కడుగుతున్నారా అని వాకబు చేశాడు. ఆ హాస్యానికి ఆయనే కాస్త నవ్వుకుని, వెంటనే మానేశాడు. మొన్న పిల్లల వార్డులో యంత్రం దొరక్క ఇద్దరు నర్సులు వంతులేసుకుని ఒక బిడ్డకు రబ్బరు సంచి నొక్కుతూ చేత్తో గాలి కొట్టారని, ఆ సమయంలో రెండు యంత్రాలు శుభ్రతలో ఉన్నట్టు తెర చెబుతోందని, వాటిని ఎవరూ ముట్టుకోలేదని చెప్పాడు. ఆ మాటలో వెటకారం లేదు. గంట దాటితే, కిందివాళ్ళు ఏం రాసినా సరే, తెరే తనంతట తాను ‘ఖాళీ’ అని చూపాలని ఆజ్ఞాపించాడు.

ఆమె వృత్తిధర్మానికి ఒకే ఒక్క సూత్రం ఉంది. మనుషులు రాసినదే తెర చూపాలి, తనకు తోచినది చూపకూడదు. ఆ సూత్రం కోసం గతంలో ఆమె ఎంతమందితోనో తగాదా పడింది. ఈసారి ఆ సూత్రం గుర్తుకొచ్చింది గాని, దాన్ని పైకి తీసి మాట్లాడే ఓపిక రాలేదు. మేస్త్రీని ఒక మాట అడుగుదామని మెట్లు దిగింది.

మేస్త్రీ వర్క్‌షాపు తలుపు దగ్గరగా వేసి వచ్చాడు. విప్పిన యంత్రాల మధ్య రెండు స్టూళ్ళు లాగాడు.

"మనిషి కోలుకుని మిషను తీశామనుకో, అక్కడికక్కడే ఖాళీ అని కొట్టేస్తాం. ఆ ఇంటివాళ్ళు సంతోషంలో ఉంటారు, మిషనుతోపాటు మంచం కూడా మోసుకుపొమ్మంటారు. పోయిన మనిషి దగ్గర తీస్తే మటుకు శుభ్రత అని కొడతాం. కొట్టి, ఆ పూటకి దాన్ని అక్కడే ఉంచేస్తాం."

"ఎందుకు?"

"ఖాళీ అని పడిందా, ట్రాలీవాడు రెక్కలు కట్టుకుని వాలతాడు. వాడి తప్పు కాదు, వాడి పని అది. ఇక్కడ వీళ్ళు కాళ్ళు పట్టుకుని ఏడుస్తుంటే వాడు మంచం కింద దూరి ప్లగ్గు పీకుతుంటాడు. జరగండమ్మా, వైరు మీద నిలబడ్డారు అంటాడు. శుభ్రత అని ఉంటే రాడు. వాళ్ళు లేచి వెళ్ళాక మేమే పోయి తెచ్చుకుంటాం."

"ఇది ఎవరు పెట్టిన పద్ధతి?"

"ఏమో. నేను చేరేసరికే ఉంది."

"ఎక్కడా రాసి లేదా?"

"రాస్తే సూపరింటెండెంటు చదవడూ?"

ఆమె కాసేపు ఆలోచించింది. ఆలోచన తన అన్నయ్య మీదికి పోలేదు. ఇది స్థితుల జాబితాలో లోపమని, ఐదో స్థితి ఒకటి పెడితే సరిపోతుందని తోచింది. ‘ఆగాలి’ అని పెడదామంది. మేస్త్రీ తల అడ్డంగా ఊపాడు. దానికొక పేరు పెట్టి తెర మీద నిలబెడితే, ఎంతసేపు ఆగాలని అడుగుతారని, దానికి ఒక కొలత పెడతారని, పెట్టిన రోజే అది పోతుందని ఆయన వాదం. మరి పిల్లల వార్డులో చేత్తో గాలి కొట్టిన సంగతేమిటని ఆమె అడిగింది. మేస్త్రీ కళ్ళజోడు తీశాడు గాని తుడవలేదు.

"అదీ నిజమే" అన్నాడు.

రెండు నిజాలకూ ఒకే వరుసలో చోటు లేదు. ఆమె పైకొచ్చి, చెప్పిన మార్పు చేసేసింది. మూడు పంక్తుల పని. చేశాక ‘చూపు 412’ కొట్టి చూసుకుంది. వాడుకలో, పూట గడిచింది. ఆ వరుస ఇకమీద తనకు ఏ మాట చెబితే ఏమని అర్థమో ఇప్పుడు తెలుసు. తెలిసిందన్న సంగతి ఆమె లోపలికి దిగలేదు, నీళ్ళమీద నూనెలా పైపైనే తేలింది.

కొత్త తెరకు పట్టాభిషేక ముహూర్తం నిశ్చయమైంది. అన్ని వార్డుల పెద్దలనూ సమావేశపరిచి, సూపరింటెండెంటు సమక్షంలో ఆమె దాని గుణగణాలను వర్ణించాలి. ఆ పొద్దున్నే వదిన ఫోను వచ్చింది.

"ఇవాళ డాక్టర్ల రౌండ్లయ్యాక అడుగుతారట. రా."

"ఇవాళ..." అని ఆగింది ఆమె.

"ఇవాళే. రౌండ్లయ్యాక."

"వస్తాను వదినా."

సమావేశమూ అదే వేళకు. ఒక్క మాట చెబితే సూపరింటెండెంటు వాయిదా వేసేవాడు. ఆ ఒక్క మాట చెప్పాలంటే, తనకొక అన్నయ్య ఉన్నాడని, ఎదుటి భవనంలో ఉన్నాడని, ఏ స్థితిలో ఉన్నాడో అని మొదలుపెట్టాలి. ఆఫీసులో ఎవరికీ ఆమె అంతవరకు చెప్పలేదు. ఏది ముందు చెప్పాలో తెలియక ఏదీ చెప్పలేదు. ఏది ముందు చెప్పాలన్నదే వృత్తిగా ఉన్న మనిషి. ఫోనును బల్ల మీద బోర్లా పెట్టి, హాల్లోకి వెళ్ళింది.

హాల్లో గోడంత తెర మీద ఆమె ఒక్క వరుస అక్షరాలు పిడికిలంత ప్రమాణంలో వెలిగాయి. మొదట పాత తెర చూపించింది, అందరూ నవ్వారు. కొత్తది చూపించింది, అందరూ తలలాడించారు. నమూనాకు ఏ నంబరు వేయాలని ఆలోచించుకోలేదు. వేళ్ళు అలవాటు ప్రకారం వాటంతట అవే కొట్టాయి.

412 వెంటిలేటరు, మూడు కిటికీ, శుభ్రతలో, ఇప్పుడే.

వెనక వరుసలో కూర్చున్న మేస్త్రీ తల దించుకున్నాడు. అది ఎవరి మంచమో ఆయనకు తెలియదు. అలాంటి వరుస పడినప్పుడల్లా ఆయన అలాగే దించుకుంటాడు.

ఆమె చూసింది. ‘ఇప్పుడే’ అన్న మాట పక్క మాటలకన్నా కొంచెం కుడికి జరిగి ఉందని, అంతరం సరిచేయాలని అనిపించింది. తర్వాత, వదిన ఊ అన్నదన్నమాట అనిపించింది. ఒక్కతే అన్నదన్నమాట. ఆ రెండు సంగతులూ ఒకే బరువుతో వచ్చి పక్కపక్కన నిలబడ్డాయి. ఇప్పుడు లేచి తలుపు దగ్గరికి నడిస్తే, మేస్త్రీ మనుషులు ఎవరికీ చెప్పకుండా మిగిల్చిపెట్టే ఆ పూట తనదే. అందులోంచి గంట మాత్రం మిగిల్చి తక్కినది కోసేసింది తన మూడు పంక్తులు. ఇది ఆమెకు పూర్తిగా తెలుసు. తెలిసినట్టే నోరు తెరిచి, ఇక్కడ చివరి మాట మనుషుల భాషలో ఉండటం గమనించండి అంది.

వార్డుల పెద్దలు ప్రశ్నలు సంధించారు. మూడు చుక్కల బదులు రెండు చుక్కలు చాలవా అని ఒకరు. మరమ్మతులో ఉన్నవి ఎర్రగా పడితే బాగుంటుందని, ఎరుపు కనబడని మెకానిక్కు ఒకడున్నాడు గనక బాగుండదని వేరొకరు. గీతవాదులూ ఖాళీవాదులూ తమ ప్రాచీన వైరాన్ని మరోసారి స్మరించుకున్నారు. ఆమె ఒక్కొక్కరికీ జవాబు చెప్పింది. ఇంత చక్కగా ఆమె ఎన్నడూ మాట్లాడలేదని తర్వాత అందరూ చెప్పుకున్నారు. ఆఖరున, గంట దాటాక, సూపరింటెండెంటు లేచి, కొత్త నియమం ఎలా పనిచేస్తుందో సభవారికి చూపించాలని, ఇందాకటి యంత్రాన్నే మళ్ళీ అడగమని కోరాడు. ఆమె కొట్టింది.

412 వెంటిలేటరు, మూడు కిటికీ, ఖాళీ, ఇప్పుడే.

సూపరింటెండెంటు రెండు చేతులూ చాపి తెరను సభకు సమర్పించాడు. ఇదివరకైతే ఈ యంత్రం సాయంత్రం దాకా పడి ఉండేదని, ఇప్పుడు ఈ క్షణంలో ఎక్కడో ఎవరికో అది అందబోతోందని అన్నాడు. చప్పట్లు కొట్టారు. ఆయన అన్నదాంట్లో అబద్ధం లేదు.

"నేను వెళ్ళాలండీ" అంది ఆమె.

"ఎక్కడికి?"

"మూడో అంతస్తుకి. కిటికీ దగ్గరికి."

"శభాష్" అన్నాడాయన, సభవైపు తిరిగి. "చూశారా, స్వయంగా తనిఖీ."

ఎదుటి భవనం లిఫ్టులో ఆమె ఎక్కాక, తలుపు మూసుకోబోతుండగా ఒక ఖాళీ ట్రాలీ చక్రం అడ్డం పడింది. వెనకాలే ట్రాలీవాడు వచ్చాడు. బక్కపలచని మనిషి, జేబులో పెన్నుకు బదులు స్క్రూడ్రైవరు పెట్టుకున్నాడు. ఏ అంతస్తని అడిగితే మూడని చెప్పాడు. ఆమె మెడలో వేలాడుతున్న ఆఫీసు కార్డు చూసి, మాట కలిపాడు. కొత్త తెర బ్రహ్మాండంగా ఉందన్నాడు. ఎవరో బాగా తెలివైనావిడ చేసిందట, ఎక్కడుందో ముందే పడుతుంది, ఇదివరకట్లా కళ్ళు చించుకోనక్కర్లేదన్నాడు. ఆమె ఊకొట్టింది.

మూడో అంతస్తులో ఇద్దరూ ఒకే వైపు నడిచారు. వరండా చివర కిటికీ, దాని ముందు మంచం చుట్టూ ఆకుపచ్చ గుడ్డ తెర. అక్కడ ఆమె ఆగింది.

"ఇది ఇంకా కాలేదు" అంది.

"ఖాళీ అని పడిందే?"

"తప్పు పడింది."

అతను ఆమె మొహంలోకి చూశాడు. కార్డు చూశాడు. వాదించలేదు. కింద ఆపరేషన్ గదిలో ఒక పిల్ల ఉందని, ఇంకాసేపట్లో బయటికి తెస్తారని, అప్పటికి కావాలని చెప్పాడు. ఉండమని చెప్పి ఆమె తెర పక్కకు లాగి లోపలికి వెళ్ళింది.

వదిన స్టూలు మీద కూర్చుని ఉంది. చేతులు ఒళ్ళో ఉన్నాయి, ఏమీ చేయడం లేదు. యంత్రం మంచం పక్కనే, గోడవైపు తిప్పి నిలబెట్టి ఉంది. దాని గొట్టాన్ని ఎవరో చుట్టగా చుట్టి పైన పెట్టారు. చప్పుడు లేదు.

"రౌండ్లయ్యాక రమ్మన్నాను" అంది వదిన.

"అవును."

"నేనొక్కదాన్నే అన్నాను."

ఆమె నిలబడే ఉంది.

"నోటితో అనలేదులే. తల ఊపాను. అదే చాలన్నారు."

ఆమె అన్నయ్యను చూసింది. మంచం ఎక్కించిన రోజు తర్వాత ఇదే చూడటం. మొదట మీసం కనిపించింది. కుడివైపు బారుగా, ఎడమవైపు పొట్టిగా ఉంది.

"మీసం వంకరగా ఉంది" అంది.

"బట్టల కత్తెరతో కత్తిరిస్తే ఇంకెలా వస్తుంది? పెంచుకుని అడవిమనిషిలా తయారయ్యాడు. డాక్టర్లు వచ్చేలోగా కాస్త మనిషిలా ఉంటాడని." వదిన ఆగింది. "ఎడమపక్కకి వచ్చేసరికి చెయ్యి నిలవలేదు."

తర్వాత చెవులు కనిపించాయి, వాటి వెనక తోమిన చర్మం, చొక్కా లేని భుజం, సుద్దపొడి ఎప్పటికీ పోదనుకున్న వేళ్ళు. వాటి మీద ఇప్పుడు సుద్ద లేదు. ఒకటి తర్వాత ఒకటి చూస్తూ వెళ్ళింది. ఏదీ కోయడానికి కుదరలేదు. అయినా కళ్ళు పొడిగానే ఉన్నాయి.

"బయట ఎవరో ఉన్నారు. తెర కింద కాళ్ళు కనిపిస్తున్నాయి" అంది వదిన.

"మిషను కోసం."

"ఎవరికట?"

"కింద ఎవరో పిల్ల. ఆపరేషను అయిందట."

వదిన ఆ కాళ్ళవైపు చూసింది. అవి ఒకదాని మీద బరువు ఇంకోదాని మీదికి మార్చుకున్నాయి.

"మరి నిలబెట్టావేం?"

"నువ్వు చెప్పేదాకా ఉండమన్నాను."

"ఇవాళ నా వంతు అయిపోయింది. ఇది నువ్వు చెప్పు."

దెప్పిపొడుపు లేదు అందులో. ఆమె యంత్రం దగ్గరికి వెళ్ళింది. దాని పక్కన నంబరు స్టిక్కరు ఉంది, చదవలేదు. ఎంతసేపు నిలబడిందో, ఆ తెరలోపల చెప్పేవాళ్ళెవరూ లేరు. తర్వాత ఆకుపచ్చ తెర అంచు పట్టుకుని పక్కకు లాగింది. బయట అతను ట్రాలీ అంచున కూర్చున్నవాడు లేచి నిలబడ్డాడు.

"మా అన్నయ్య పోయాడు" అంది ఆమె. "మిషను తీసుకెళ్ళు."

అతను చెప్పులు బయట విడిచి లోపలికొచ్చాడు. ఎవరి మొహమూ చూడకుండా వంగి ప్లగ్గు తీశాడు. యంత్రం ఒక చక్రం తిరగలేదు, ఆమె ఒక పక్క పట్టుకుంది. ఇద్దరూ ఎత్తి తెర దాటించి ట్రాలీ మీదికి చేర్చారు. ట్రాలీ చప్పుడు వరండా మలుపు తిరిగేదాకా వినిపించింది.

గోడ పక్కన యంత్రం నిలబడ్డ మేరకు నేల వేరే రంగులో ఉంది, తడిగుడ్డ అక్కడికి ఇన్నాళ్ళూ వెళ్ళలేదు. వదిన మంచం కింద నుంచి రెండో స్టూలు లాగి, కాలితో అక్కడికి జరిపింది.

"కూర్చో" అంది.

ఆమె కూర్చుంది.